శరణు అడిగే కౌంటర్ ఎక్కడుంది?

అచ్చంపేట నుంచో కల్వకుర్తి నుంచో పొద్దున్నే బయలుదేరిన బస్సు కడ్తాల్, తుక్కుగూడ దాటి పహాడీషరీఫ్ చేరేసరికి నిలబడే చోటుండదు. చేతిలో తాపీ, సంచిలో సద్దిగిన్నె పెట్టుకొని నగరంలో ఏదో ఒక అడ్డా మీద నిలబడటానికి పోయే మన పాలమూరు కూలీలు అందులో ఉంటారు. అదే శ్రీశైలం రోడ్డు మీంచి షాహీన్‌నగర్ దగ్గర పక్కకు తిరిగి బాలాపూర్ వైపు పోతే ఇంకో రకం కూలీలు కనిపిస్తారు. వెదురు కర్రలు, ప్లాస్టిక్ పరదాలతో కట్టిన గుడిసెలు, వాటి కింది జాగకు నెలనెలా కిరాయి, చిత్తు ఏరుకొని అమ్మితే వచ్చే నాలుగు డబ్బులు. బాలాపూర్ అనగానే మనకు లడ్డూ వేలం గుర్తొస్తుంది కానీ, మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన అక్కడి ముస్లిం మైనారిటీలు, రోహింగ్యాలు, వేల మంది బతుకుతున్నది కూడా ఆ చుట్టుపక్కలే. 2012లో అక్కడి రఖైన్ రాష్ట్రంలో ఊళ్లు తగలబడినప్పటి నుంచి విడతలు విడతలుగా వచ్చారు.

బస్సులో ఉన్న కూలీ జేబులో ఆధార్ ఉంది. గుడిసెలో ఉన్న కూలీ దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఉంది. వాళ్లు దాన్ని యూఎన్ కార్డు అంటారు. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటారు. ఆ కార్డుకు ఈ దేశంలో చట్టపరంగా విలువ లేదని మన ప్రభుత్వం కోర్టులోనే చెప్పింది.

మనకు ఆదాయ సర్టిఫికెట్ కావాలంటే మీసేవకు పోతాం. భూమి పంచాయితీ అయితే తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కుతాం. పని అవుతుందా, ఎన్నిసార్లు తిప్పుతారు అన్నది వేరే సంగతి. కనీసం దరఖాస్తు పట్టుకొని ఎక్కడ నిలబడాలో తెలుసు. ‘మా దేశంలో నన్ను బతకనివ్వరు, ఇక్కడ తలదాచుకోనివ్వండి’ అని అడగడానికి మాత్రం ఇంత పెద్ద దేశంలో చట్టం పెట్టిన కౌంటర్ ఒక్కటి లేదు. యూఎన్ కార్డు కావాలంటే ఆ సంస్థ ఢిల్లీ కార్యాలయమే దిక్కు. 2011 డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఒక పద్ధతి పెట్టింది. శరణార్థినని చెప్పుకునే విదేశీయుడి మాటలో నిజముందా అని అధికారులు చూడాలి, ఉందనిపిస్తే దీర్ఘకాలిక వీసాకు సిఫారసు చేయాలి. ఇది చట్టం కాదు, ఉత్తర్వు. పై నుంచి ఇంకో కాగితం వస్తే పక్కకు పోయేది. వచ్చింది కూడా. రోహింగ్యాలను గుర్తించి వెనక్కి పంపే ఏర్పాట్లు చేయాలని 2017 ఆగస్టు 8న కేంద్రం రాష్ట్రాలకు రాసింది. సరిగ్గా పదిహేడు రోజులకు, ఆగస్టు 25న, మయన్మార్ సైన్యం రఖైన్ పల్లెల మీద పడటం మొదలైంది. ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పరుగెత్తారు.

వెనక్కి పంపాలంటున్నారు సరే, ఏ దేశానికి? 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ వీళ్లను తన లెక్కలోంచి తీసేసింది. పుట్టిన దేశం కాదంటుంది, వచ్చిన దేశం పొమ్మంటుంది.

1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద, దాని 1967 అనుబంధం మీద భారత్ సంతకం చేయలేదు. చేయకపోయినా మనం మనుషులను ఆదుకున్నాం కదా అని ఢిల్లీలో ఎవరు అధికారంలో ఉన్నా అదే జవాబు చెబుతారు. అందులో అబద్ధం లేదు. 1959లో దలైలామా వెంట వచ్చిన టిబెటన్లకు కర్ణాటకలో బైలకుప్పె లాంటి చోట్ల భూములిచ్చాం. చలికాలం వస్తే వాళ్ల దుకాణాల్లో స్వెటర్లు బేరమాడి కొంటున్నాం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది వస్తే దేశమంతా పన్నులు కట్టి పోషించింది. 1983 తర్వాత వచ్చిన శ్రీలంక తమిళులకు తమిళనాడు శిబిరాలు తెరిచింది. కానీ ఈ మూడూ దయతో చేసిన పనులు. దయ ఎవరి మీద ఎంత అన్నది ఆనాటి ప్రభుత్వం, ఆనాటి విదేశాంగ అవసరం తేల్చాయి. అందుకే టిబెటన్‌కు భూమి దక్కితే, లంక తమిళుడు నలభై ఏళ్లు దాటినా శిబిరంలోనే మిగిలాడు. ఆ శిబిరాల్లో పుట్టి, అక్కడే పెళ్లయి, మనవలను ఎత్తుకున్నవాళ్లు ఉన్నారు. 2021లో తమిళనాడు ప్రభుత్వం వాటి పేరును పునరావాస శిబిరాలుగా మార్చింది. లోపలి మనిషి పౌరుడు కాలేదు.

2019లో పౌరసత్వ సవరణ చట్టం తెచ్చినప్పుడైనా ఈ లోటు తీరుతుందేమో అనుకున్నవాళ్లున్నారు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన, ముస్లింలు కాని ఆరు మతాల వాళ్లకు అది దారి చూపింది. హింసకు గురై వచ్చినవాడికి పౌరసత్వం ఇవ్వడాన్ని మేము తప్పుపట్టం. కానీ ఎంత హింస జరిగిందని కాకుండా ఏ మతం, ఏ దేశం అని అడిగిన చట్టమది. పోనీ మతాన్నే కొలబద్ద అనుకుందామా అంటే, లంక నుంచి వచ్చిన తమిళుల్లో ఎక్కువ మంది హిందువులే. వాళ్ల దేశం ఆ జాబితాలో లేదు. ఈ లెక్క ఏమిటో పార్లమెంటు చర్చలో వచ్చిన సమాధానాలు చదివినా మాకు అర్థం కాలేదు.

ఇక 2025లో వచ్చిన కొత్త చట్టం. పాస్‌పోర్టు, విదేశీయుల రిజిస్ట్రేషన్ వంటి నాలుగు పాత చట్టాలను తీసేసి ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టాన్ని సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. సరైన పత్రాలు లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. తాను విదేశీయుణ్ని కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు ఆ మనిషి మీదే. తెల్లదొరలు 1946లో రాసిపెట్టిన విదేశీయుల చట్టాన్ని మార్చే అవకాశం దాదాపు ఎనభై ఏళ్లకు వచ్చింది. అయినా దొంగచాటుగా సరుకు చేరవేసేవాడికీ, ఇల్లు కాలిపోతే పిల్లను చంకనేసుకొని వచ్చిన తల్లికీ తేడా చెప్పే సెక్షన్ అందులో లేదు. ఆ వెంటనే కొన్ని వర్గాలకు మినహాయింపు ఉత్తర్వు ఇచ్చారు. రిజిస్టరైన లంక తమిళులకు అందులో కొంత ఊరట దొరికింది. రోహింగ్యాలకు లేదు. మళ్లీ ఉత్తర్వే, మళ్లీ దయే.

కోర్టులు ఒక్కోసారి ఒక్కో మాట చెప్పాయి. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి శరణు వచ్చి అరుణాచల్‌లో ఉంటున్న చక్మాలను తరిమేస్తామని కొందరు బెదిరించినప్పుడు సుప్రీంకోర్టు వాళ్లకు అండగా నిలిచింది. రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన ప్రాణరక్షణ పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని స్పష్టంగా చెప్పింది. 2021 ఏప్రిల్‌లో జమ్మూ రోహింగ్యాల కేసులో అదే కోర్టు, 21వ అధికరణం అందరిదీ అని ఒప్పుకుంటూనే, దేశం నుంచి పంపివేయబడకుండా ఉండే హక్కు మాత్రం పౌరుడికే అంది. పద్ధతి ప్రకారం పంపవచ్చంది. 2025 మే నెలలో కొందరు రోహింగ్యాలను ఢిల్లీ నుంచి తీసుకెళ్లి అండమాన్ సముద్రంలో లైఫ్ జాకెట్లతో దింపేశారన్న ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి విచారణ మొదలుపెట్టారు. సుప్రీంకోర్టు ఆధారాలేవని పిటిషనర్లను గట్టిగా నిలదీసింది. నిజమేదో తేలాల్సిందే. ఒకటి మాత్రం అడగక తప్పదు. ఎవరిని, ఏ ఉత్తర్వుతో, ఎవరి చేతికి అప్పగించారో రాసిపెట్టే చట్టం ఉంటే ఇలాంటి ఆరోపణ తేలడానికి ఎన్ని రోజులు పడుతుంది? 2025 జులైలో సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను ముందు పెట్టుకుంది: వీళ్లు శరణార్థులా, అక్రమంగా వచ్చినవాళ్లా? ఈ మాట తేల్చాల్సింది పార్లమెంటు. తేల్చకపోతే కోర్టు మీద పడింది.

ఇదంతా ఢిల్లీ సంగతి, పాలమూరు, నల్లగొండ పాఠకులకెందుకు అని ఎవరైనా అనవచ్చు. మనకంటే ఎక్కువగా ఈ సంగతి ఇంకెవరికి తెలియాలి?

నల్లగొండ పెద్దలను అడగండి. రజాకార్ల కాలంలో నిజాం రాజ్యం విడిచి, సరిహద్దు దాటి, కృష్ణా జిల్లా ఊళ్లలో తలదాచుకున్న కుటుంబాల కథలు ఇప్పటికీ ఇళ్లల్లో చెప్పుకుంటారు. చుట్టూ నిజాం నేల, మధ్యలో మునగాల పరగణా మాత్రం అవతలి ప్రభుత్వానిది. వెంట పోలీసులు పడితే ఆ గట్టు దాటడమే ప్రాణానికి భరోసా. దాటినవాళ్ల చేతిలో వీసా లేదు. వాళ్లను ఆ రోజు చొరబాటుదారులని లెక్క రాసి ఉంటే నల్లగొండ చరిత్ర ఇంకోలా ఉండేది.

పాలమూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. ముంబైలో కామాటిపుర అన్న పేరు అక్కడికి కూలికి పోయిన తెలుగు కామాటీల మీద వచ్చిందే. ఇవాళ ఆ పేరు ఇంకెందుకో వినబడుతుంది, అది వేరే విషాదం. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ముంబై బస్సు ఎక్కని ఇల్లు వెతికితే కష్టంగా దొరుకుతుంది. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ముసలివాళ్లకు పిల్లలను అప్పగించి, ఇంటికి తాళం వేసుకొని పోయిన ఊళ్లు మనవి. 1960లలో ముంబై వీధుల్లో దక్షిణాది వాళ్ల మీద ‘లుంగీ హటావో’ నినాదం లేచినప్పుడు, మన ఉద్యోగాలు తన్నుకుపోతున్నారు, మన నగరాన్ని పాడుచేస్తున్నారు అన్న మాటలే మన మీద పడ్డాయి. ఇప్పుడు బాలాపూర్ గురించి మన చాయ్ హోటళ్లలో వినబడే మాటలు వాటికి అచ్చు నకలు.

చదువుకున్న పిల్లల అనుభవం ఇంకా దగ్గరిది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ బోగస్ అని తేలినప్పుడు తెలుగు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. నేరస్థులకు కట్టినట్టు కడతారా అని రాష్ట్రమంతా మండిపడింది, కేంద్రం అమెరికాకు నిరసన చెప్పింది. 2019లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీని స్వయంగా అమెరికా అధికారులే ఎరగా పెట్టారు. వీసా ఉల్లంఘన కింద పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, అందులో తెలుగు పిల్లలే ఎక్కువ. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సైనిక విమానంలో కాళ్లూ చేతులూ కట్టి అమృత్‌సర్‌లో దింపితే టీవీల ముందు మనసు కలుక్కుమనని వాళ్లు లేరు. పత్రాలు లేనంత మాత్రాన మనిషిని ఇలా చూస్తారా అని అడిగాం. ఆ ప్రశ్న సరైనదే. అది బాలాపూర్ దాకా ఎందుకు రాలేదన్నది మా బాధ.

చట్టాలున్న దేశాలేమీ గొప్పగా లేవు. బ్రిటన్ శరణార్థులను రువాండాకు పంపుతానని రెండేళ్లు పట్టుబట్టింది. బలవంతంగా ఒక్కరినీ పంపలేక 2024లో ఆ పథకాన్ని వదిలేసింది. ఖర్చు 70 కోట్ల పౌండ్లని కొత్త ప్రభుత్వమే లెక్క చెప్పింది. అమెరికా ఏడాదికి 1,25,000గా ఉన్న శరణార్థుల పరిమితిని 7,500కు కోసింది. అక్కడ కౌంటర్ ఉంది, షట్టర్ దించుతున్నారు. దించినప్పుడు కోర్టులో నిలదీయడానికి చట్టమైనా ఉంది.

మనవాళ్లకే దిక్కులేదు, బయటివాళ్లకు ఎందుకంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. ఇక్కడి అడ్డా మీద నిలబడే కూలీ నోటి నుంచి వచ్చినప్పుడు మరీ. కానీ అతని కూలీని తగ్గిస్తున్నది ఎవరు? కాగితం లేని మనిషి ఎంతిస్తే అంతకు వస్తాడు, పైసలు ఎగ్గొడితే ఠాణా మెట్లెక్కలేడు. అలాంటి మనిషి దొరికితే కాంట్రాక్టరుకు పండగ. ఆ మనిషికి కాగితం ఉంటే కూలీ రేటు మన కూలీకీ నిలబడుతుంది.

భద్రత మాటకొస్తే, నకిలీ ఆధార్‌లతో, ఓటరు కార్డులతో రోహింగ్యాలు పట్టుబడ్డ కేసులు హైదరాబాద్‌లో ఉన్నాయి. వాటిని దాచిపెట్టే ఉద్దేశం మాకు లేదు. నేరం చేసినవాడికి శిక్ష పడాల్సిందే. ఆ కార్డులు చేసిపెట్టే దళారులు మాత్రం మయన్మార్ నుంచి రాలేదు. వేలిముద్రలు తీసుకొని, ఫొటో పెట్టి, ఎక్కడుంటున్నాడో రాసుకొని ప్రభుత్వమే ఒక కార్డు ఇస్తే నకిలీ కార్డు కొనే అవసరం ఎంత ఉంటుంది? పోలీసుకు ఏది సులువు, పేరు తెలిసిన మనిషా, పేరు మార్చుకు తిరిగే మనిషా? 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో రోహింగ్యాల ఓట్ల గురించి వారాల తరబడి మైకులు మోగాయి. ఓట్లు అయిపోగానే మైకులు ఆగాయి, గుడిసెలూ జాబితా లేనితనమూ అలాగే ఉన్నాయి.

చట్టం ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టాల్సిన పనిలేదు. జస్టిస్ పి.ఎన్. భగవతి ఆధ్వర్యంలో 1997లోనే ఒక నమూనా తయారైంది. 2015లో శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. రెండూ బీరువాల్లో ఉన్నాయి. దరఖాస్తు పెట్టే చోటు, విచారించే అధికారి, గడువు, కాదంటే అప్పీలు, తేలేదాకా పని చేసుకొని బతికే వీలు, ప్రాణభయం ఉన్న చోటికి తిరిగి పంపకూడదన్న నియమం. ఇంతే. దరఖాస్తు నిలవని వాణ్ని పంపేయడానికీ ఆ చట్టమే దారి చూపుతుంది. తెలంగాణ నుంచి వెళ్లిన ఎంపీలు ఏ పార్టీ వాళ్లయినా ఈ నమూనాను ఒక్కసారి తెరిచి చదవాలని మా విన్నపం.

ఈలోగా రాష్ట్రం చేతిలో ఉన్న పనులున్నాయి. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడికి వెళ్లి అడ్మిషన్ అడగవచ్చని, కాదంటే హైకోర్టుకు పోవచ్చని 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏడేళ్ల పిల్ల హైకోర్టు దాకా ఎట్లా పోతుంది? జూన్‌లో బడులు తెరిచేలోపు రంగారెడ్డి జిల్లా విద్యాశాఖ ఒక సర్క్యులర్ పంపితే చాలు. ఆధార్ లేదని ఏ హెడ్మాస్టరూ గేటు దగ్గరి నుంచి తిప్పి పంపకూడదని అందులో రెండు లైన్లు రాస్తే, కనీసం ఆ పిల్లకు ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది.