మిగిల్చిన 35 లక్షల డాలర్లు ఎటు పోయాయి?

పిట్స్‌బర్గ్ అనగానే మనవాళ్లలో చాలామందికి పెన్ హిల్స్‌లోని వెంకన్న గుడి గుర్తొస్తుంది. అదే ఊళ్లో అలగేనీ నది ఒడ్డున పీఎన్‌సీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానం ఉంది. 2001లో తెరిచారు. కూర్చున్న చోటి నుంచే నది, పసుపు రంగు వంతెన, వెనకాల ఊరంతా కనిపిస్తాయి. ఇంత చక్కటి మైదానంలో ఆడే పైరేట్స్ జట్టు మాత్రం 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ మూటగట్టుకుంది.

2007 జూన్ 30, శనివారం. వాషింగ్టన్ నేషనల్స్‌తో మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడోది ముగియగానే అభిమానులు గుంపులు గుంపులుగా సీట్లలోంచి లేచి వెళ్లిపోయారు. ముందే చెప్పి చేసిన నిరసన అది. ఏళ్ల తరబడి పేరుకున్న కోపమే అయినా, దానికి నిప్పంటించింది మాత్రం మూడు వారాల ముందు జరిగిన డ్రాఫ్ట్.

మనకు తెలిసింది ఐపీఎల్ వేలం. అక్కడ ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్లు పాడుకుంటారు, ఎంతకు కొన్నారో అందరి ముందే తేలిపోతుంది. డ్రాఫ్ట్ తీరు వేరు. కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. అప్పట్లో కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి వంతు. ఎంచుకున్నాక కుర్రాడితో సైనింగ్ బోనస్ (సంతకం చేసినందుకు ఇచ్చే డబ్బు) బేరం కుదుర్చుకోవాలి. ఎంపికయ్యాక కూడా చాలామంది మూడు నాలుగేళ్లు చిన్న లీగుల్లో నలగాలి. అసలు పైకి వస్తాడో రాడో తెలియని పిల్లాడి గురించి ఊరంతా కొట్టుకు చావడం చూస్తే ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ గుర్తొస్తుంది. అయినా ఓడే జట్టు అభిమానికి సోమలింగం తప్ప మిగిలేదేముంటుంది?

ఆ ఏడాది డ్రాఫ్ట్‌ను మొదటిసారి టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేశారు. పైరేట్స్‌ది నాలుగో వంతు. మొదటి మూడు వంతుల్లో డేవిడ్ ప్రైస్, మైక్ మౌస్టాకస్, జోష్ విటర్స్ వెళ్లిపోయారు. జార్జియా టెక్ క్యాచర్ మ్యాట్ వీటర్స్ ఇంకా మిగిలే ఉన్నాడు. క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, పైగా వీటర్స్ రెండు చేతుల వాటంతోనూ దంచికొడతాడు. అతణ్ని పక్కనపెట్టి పైరేట్స్ పిలిచిన పేరు డేనియల్ మోస్కోస్. క్లెమ్సన్ కాలేజీలో మ్యాచ్ చివర్లో వచ్చి బంతులేసే ఎడమచేతి పిచర్. నాలుగో వంతును అలాంటివాడి మీద పెట్టడమంటే వేలంలో పెద్ద బ్యాటర్‌ను వదిలేసి డెత్ ఓవర్ల బౌలర్ కోసం చెయ్యెత్తినట్టే. తర్వాతి వంతులో బాల్టిమోర్ ఓరియోల్స్ వీటర్స్‌ను తీసుకుంది.

కారణం ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీటర్స్ ఏజెంట్ స్కాట్ బోరస్, బేరంలో అతనితో నెగ్గడం కష్టం. ఏ వంతుకు ఎంత బోనస్ ఇవ్వాలో లీగును నడిపే కమిషనర్ కార్యాలయం ఒక సూచన ఇచ్చేది. అది సూచనే, చట్టం కాదు. ఓరియోల్స్ దాన్ని పట్టించుకోకుండా వీటర్స్‌కు 60 లక్షల డాలర్లిచ్చింది. మోస్కోస్‌తో పైరేట్స్ 24 లక్షల 75 వేలకు తేల్చుకుంది. మిగులు సుమారు 35 లక్షలు.

ఈ మిగులు దగ్గరే అభిమానిని మెచ్చుకోవాలని నాకనిపిస్తుంది, ఆటగాళ్ల మీద అతని అంచనాకు మాత్రం కాదు. వీటర్స్ నాలుగుసార్లు ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ఎంపికయ్యాడు, మేటి ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు రెండు అందుకున్నాడు. మంచి ఆటగాడే, కానీ అప్పట్లో మోసినంత అవతారపురుషుడు కాలేదు. అదే మొదటి రౌండులో (జట్లన్నీ ఒక్కో చుట్టు ఎంచుకుంటే ఒక రౌండు) పదో వంతున శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిన పిచర్ మాడిసన్ బమ్‌గార్నర్ లీగు ఫైనల్ పోరైన వరల్డ్ సిరీస్‌ను 2014లో ఒంటిచేత్తో లాగేశాడు. తర్వాత పెద్ద బ్యాటర్లయిన జియాన్‌కార్లో స్టాంటన్, ఫ్రెడీ ఫ్రీమన్ రెండో రౌండు దాకా ఎవరికీ అక్కర్లేకపోయారు. కుర్రాళ్లను వెతికి అంచనా వేసే కొమ్ములు తిరిగిన స్కౌట్లకే అందనిది గ్యాలరీలో కూర్చున్నవాడికి అందుతుందనుకోను. ఆ రోజు గ్యాలరీకి అర్థమైంది వేరే సంగతి: ఈ ఎంపికను స్కౌట్ కళ్లతో కాదు, గుమస్తా కళ్లతో చేశారని. అంతకు అయిదేళ్ల ముందు, 2002లో, మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటి వంతు చేతిలో ఉండగా బ్రయన్ బుల్లింగ్టన్‌ను తీసుకుని, తర్వాత స్టార్లయిన జాక్ గ్రింకీని, ప్రిన్స్ ఫీల్డర్‌ను వదిలేసిన జట్టిది. దెబ్బ తిన్నవాడికి వాసన త్వరగా తగులుతుంది.

ఆ తర్వాత జరిగింది గోరుచుట్టు మీద రోకలి పోటు. డ్రాఫ్ట్ అయిన ఎనిమిది వారాలకు, జులై 31న, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వయసు మళ్లుతున్న పిచర్ మ్యాట్ మోరిస్‌ను పైరేట్స్ తెచ్చుకుంది. అతనికి రావాల్సిన జీతం భారమంతా నెత్తినేసుకుంది. కోటి డాలర్ల పైమాటే. 35 లక్షలు దండగనుకున్న చేతులే ఇవి. మరుసటి ఏడాది మోరిస్ అయిదు మ్యాచ్‌లు ఆడి నాలుగు ఓడితే, ఏప్రిల్ దాటకముందే ఇంటికి పంపారు. అప్పటికే, 2007 సెప్టెంబరులో, జనరల్ మేనేజర్ డేవ్ లిటిల్‌ఫీల్డ్ ఉద్యోగం ఊడింది.

మిగిల్చిన డబ్బు ఎటు పోయింది? డ్రాఫ్ట్ మీద ఎవరు ఎవరితో వాదించినా ముందు అడగాల్సింది ఇదే. పిసినారితనానికీ పొదుపుకూ తేడా అక్కడే తెలుస్తుంది.

కొత్త జనరల్ మేనేజర్ వచ్చాక కథ కొంత మారింది. (జావెలిన్ విసిరే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో 2008 నవంబరులో ఒప్పందం చేసుకున్నది కూడా ఈ పైరేట్సే.) 2009లో నాలుగో వంతున మళ్లీ ఒక చవక ఎంపిక: టోనీ శాంచెజ్, క్యాచర్, 25 లక్షలు. ఊరు మళ్లీ భగ్గుమంది. ఈసారి మాత్రం మిగిలింది పెట్టెలోకి పోలేదు, కింది రౌండ్లలోని హైస్కూల్ పిచర్ల మీద పెట్టారు. ఆరో రౌండులో ఒక కుర్రాడికి 12 లక్షలిచ్చారు. ఆ పిచర్లలో ఎవరూ అక్కరకు రాలేదన్నది వేరే సంగతి. నీయత్ సరిగా ఉన్నా పంట పండకపోవచ్చు, వ్యవసాయం చేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 2011లో గెరిట్ కోల్‌కు 80 లక్షలు, రెండో రౌండులో జోష్ బెల్‌కు 50 లక్షలు పోశారు. ఆ ఖర్చు చూసి మిగతా జట్లు బెంబేలెత్తాయో ఏమో, 2012 నుంచి నిబంధనలే మారిపోయాయి.

ఇప్పుడు ప్రతి జట్టుకూ మొదటి పది రౌండ్లకు కలిపి ఒక మొత్తం కేటాయిస్తారు. అది దాటితే పన్ను, అయిదు శాతానికి మించితే మరుసటి ఏడాది మొదటి రౌండు వంతు గల్లంతు. అందువల్ల మొదటి కుర్రాడి దగ్గర తగ్గించుకుని, ఆ డబ్బుతో కింద జారిన ఖరీదైన పిల్లాణ్ని పట్టుకోవడం ఒక ఎత్తుగడగా మారింది. 2012లోనే హ్యూస్టన్ దారి చూపింది. మొదటి వంతుకు 72 లక్షలు ఇవ్వొచ్చు. కార్లోస్ కొరియాతో 48 లక్షలకు మాట్లాడుకుని, మిగులు సాయంతో 41వ వంతున లాన్స్ మెక్‌కల్లర్స్‌కు 25 లక్షలిచ్చింది. 2017లో హ్యూస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ఇద్దరూ ఆ జట్టులోనే ఉన్నారు.

2021లో మొదటి వంతు వచ్చినప్పుడు పైరేట్స్ కూడా ఇదే పాట పాడింది. 84 లక్షల చోట హెన్రీ డేవిస్‌కు 65 లక్షలే ఇచ్చింది. ‘మళ్లీ మొదలెట్టారు’ అన్నవాళ్ల బాధ నాకర్థమవుతుంది, మోస్కోస్‌ను చూసిన కళ్లు కదా. కానీ ఆ వాదనతో ఏకీభవించను. మూడో రౌండులో క్లెమ్సన్‌కు ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్లాల్సిన బబ్బా చాండ్లర్‌ను 30 లక్షలిచ్చి ఆపగలిగింది అలా మిగలబట్టే. 2025 సీజన్ ముగిసేదాకా డేవిస్ బ్యాటుతో నిలదొక్కుకోలేదు. చాండ్లర్ ఆ ఆగస్టులో మేజర్ లీగుకు వచ్చాడు. మొదటి వంతు పేరొక్కటే చూసి మార్కులు వేస్తే 2021 తప్పినట్టే కనిపిస్తుంది, పద్దు మొత్తం చూస్తే కనిపించదు. 2007లో పద్దు మొత్తం చూసినా ఆ ముక్క అనలేం.

మొదటి వంతు ఎవరిదో ఇప్పుడు లాటరీ తేలుస్తుంది. 2023లో ఆ లాటరీ తగిలి మొదటి వంతు మళ్లీ పిట్స్‌బర్గ్‌కే వచ్చింది. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) నుంచే పోటీలో ఇద్దరు: బ్యాటర్ డిలన్ క్రూస్, పిచర్ పాల్ స్కీన్స్. పిచర్ల మోచేతులు ఎప్పుడు పటుక్కుమంటాయో తెలియదు కాబట్టి క్రూసే మేలని సగం ఊరు, ఇలాంటి చెయ్యి మళ్లీ దొరకదని మిగతా సగం. జట్టు స్కీన్స్‌ను పిలిచి 92 లక్షలిచ్చింది, డ్రాఫ్ట్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. 2024 మే 11న అతను తొలి మ్యాచ్ ఆడాడు, ఏడాది చివర కొత్త ఆటగాళ్లలో మేటికిచ్చే రూకీ ఆఫ్ ది ఇయర్ అందుకున్నాడు. వాదన ముగిసిపోవాలి కదా?

2025లో స్కీన్స్ ఈఆర్ఏ 1.97. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డుకు మొదటి స్థానం ఓట్లన్నీ అతనికే పడ్డాయి. అతని ఖాతాలో పడ్డ గెలుపోటముల లెక్క మాత్రం 10-10. అతను ప్రత్యర్థిని కట్టిపడేసినా పరుగులు తీసేవాళ్లు లేరు, అలాంటివాళ్లను తెచ్చేవాళ్లూ లేరు. జట్టు 71 గెలిచి 91 ఓడింది.

ఆ సీజన్ మొదట్లోనే, ఏప్రిల్‌లో సొంతూళ్లో తొలి మ్యాచ్ రోజున, పీఎన్‌సీ పార్క్ మీదుగా ఒక చిన్న విమానం బ్యానర్ లాక్కుంటూ తిరిగింది. 2007 నుంచీ ఓనర్‌గా ఉన్న బాబ్ నటింగ్‌కు అభిమానులు రాసిన ఉత్తరం అది. ‘టీమ్ అమ్మెయ్, బాబ్’ అని ఉంది దాని మీద. మన చెవికి ‘బాబూ’ అని బతిమాలినట్టే ఉంటుంది. కింద మైదానంలో, తాము కోరుకున్న డ్రాఫ్ట్ కుర్రాడు తమ జెర్సీలోనే ఉన్నాడు.