వారాంతపు వానప్రస్థం

జుట్టు నెరిసి, మనవడి మొహం చూశాక అడవికి వెళ్ళమన్నారు ధర్మశాస్త్రకారులు. వాళ్ళు బెంగళూరు బోరునీళ్ళు ఎరగరు. ఇక్కడ ముప్ఫై ఏళ్ళకే జుట్టు నెరుస్తోంది, నెరవనిది ఊడుతోంది. మనవడి దాకా ఆగితే నెత్తిన మిగిలేదేమీ ఉండదు. అందుకే మారతహళ్ళి, మహదేవపుర, బెళ్ళందూరు వైపు తెలుగువాళ్ళు నాలుగు ఆశ్రమాలనూ ఒక్క వారంలోకి కుదించేశారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా గృహస్థాశ్రమం. శనివారం తెల్లవారుజామున నాలుగింటికి టెంటు సర్దుకుని వానప్రస్థం. ఆదివారం రాత్రి దేవనహళ్ళి టోల్‌గేటు దగ్గర కార్ల బారులో చిక్కుకున్నంతసేపూ సన్యాసం. బ్రహ్మచర్యం సంగతి పీజీ హాస్టళ్ళు చూసుకుంటున్నాయి.

దీన్ని వెక్కిరించేవాళ్ళున్నారు. నేను ఆ గుంపులో లేను. టెంట్లో పడుకోవడం మరిగిన మనిషికి మంచం మీద గడపాల్సిన ఐదు రాత్రులు ఎంత భారమో ఎవరికైనా అర్థం కావాలి. ఆ ఐదు రోజులూ ప్రాణం నిలబెట్టేది ఓవెన్. సోమవారం బడలిక, మంగళవారం బనానా బ్రెడ్డు, బుధవారం బ్రౌనీ, గురువారం చీజ్‌కేకు, శుక్రవారం రాత్రి కుకీలు. కుకీలైతే డబ్బాలో సర్దుకుని అడవికి పట్టుకెళ్ళొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దేశమంతా అంటుకున్న జబ్బే ఇది. మిగతా ఊళ్ళలో ఆఫీసులు తెరవగానే నయమైంది. బెంగళూరులో ఆఫీసే ఇంటికొచ్చి కూర్చుంది కాబట్టి, మీటింగుకీ మీటింగుకీ మధ్య మైదా జల్లించుకునే వెసులుబాటు మిగిలిపోయింది.

మా బ్లాకులో ఒక ఇంటివాళ్ళకి ఇడ్లీ పిండి రుబ్బుకునే తీరిక లేదు. పప్పు నానబెట్టాలి, గ్రైండర్ కడగాలి, ఎవరికి ఓపిక? ప్యాకెట్ పిండి తెప్పించుకుంటారు. ఫ్రిజ్‌లో ఆ ప్యాకెట్ పక్కనే ఒక గాజుసీసాలో సోర్‌డో స్టార్టర్, అంటే పుల్లరొట్టెకి తోడు వేసే పులిసిన పిండి, ఉంటుంది. దానికి పేరు కూడా పెట్టారు. నక్షత్రం చూసి పెట్టారో లేదో అడగలేదు. బయట ఉంచితే రోజూ, ఫ్రిజ్‌లో పెడితే వారానికోసారి దానికి కొత్త పిండీ నీళ్ళూ పెట్టాలి. ఇడ్లీ పిండిని పులియబెట్టే లాక్టిక్ బాక్టీరియా బంధువులే ఈ సీసాలోనూ కాపురం ఉంటారు. కాకపోతే సీసా వాళ్ళకి పాస్‌పోర్ట్ ఉంది. లాంగ్ వీకెండ్ వస్తే ఆ ఇంటాయన సీసా పట్టుకొచ్చి, ఎన్ని గ్రాముల పిండికి ఎన్ని గ్రాముల నీళ్ళో కాగితం మీద రాసి మరీ మాకు అప్పగిస్తాడు. ఆ మధ్య వాళ్ళ నాన్నగారిని మా ఇంట్లో వదిలి వెళ్ళినప్పుడు ఏ కాగితమూ ఇవ్వలేదు. బీపీ మాత్రలు పొద్దున్నో రాత్రో ఆయన్నే అడిగి తెలుసుకున్నాం.

కేకులు చేసేవాళ్ళకి ఈ ఊరు ఇచ్చినంత అండ ఇంకే ఊరూ ఇవ్వదు. హైదరాబాదులో కేకు కూలితే చేసినవాళ్ళ తప్పు. ఇక్కడ భూగోళం తప్పు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది, అంటే 3,000 అడుగుల పైచిలుకు. నీళ్ళు ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి బేకింగ్ పౌడర్ వదిలే గ్యాసు తొందరపడుతుంది. పిండి గట్టిపడేలోపే కేకు లేచి కూర్చుని, ఆనక నడుం పడిపోతుంది. ఎత్తు ప్రదేశాల్లో పౌడర్ కాస్త తగ్గించమని విదేశీ వంటపుస్తకాలు చెప్పడం మొదలుపెట్టేదే 3,000 అడుగుల దగ్గర. ఊరు సరిగ్గా ఆ గీత మీద నిలబడింది. ఇంకేం కావాలి? ఓవెన్ ముందుగా వేడి చెయ్యకపోయినా, పెరుగు వెయ్యకుండా వంటసోడా ఒక్కటే వేసినా, ఇరవయ్యో నిమిషంలో ఫోటో కోసం తలుపు తెరిచినా సమాధానం ఒకటే. మా ఎదురింటావిడ మధ్యలో గుంటపడ్డ కేకు తెచ్చి "ఆల్టిట్యూడ్ అండీ" అంటే, పర్వతారోహకులకి ఇచ్చే గౌరవంతో అందుకుంటాం.

హాసన్ నుంచి వచ్చిన అయ్యంగార్లు ఇదే ఎత్తులో తరాలుగా బేకరీలు నడుపుతున్నారు, అదీ గుడ్డు ముట్టకుండా. జామ్ పూసి కొబ్బరిపొడి చల్లిన హనీకేకు గానీ, దిల్‌పసంద్ గానీ నడుం పడిపోగా నేను చూడలేదు. పాపం, వాళ్ళకి ఎత్తు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ ఎదురింటికి సంక్రాంతికి తెనాలి నుంచి అత్తగారు వచ్చారు. అరిసెలు చేద్దామన్నారు. కోడలు పాకానికి వాడే థర్మామీటర్ తీసింది. ఉండపాకం రావాలంటే 112 నుంచి 116 డిగ్రీల మధ్య ఉండాలని ఆమె చదువుకుంది. చదివినదాంట్లో తప్పేమీ లేదు, సముద్రం పక్కన కూర్చుని చేసేవాళ్ళకి. అత్తగారు పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసుకుని, గరిటె అంచు నుంచి ఒక చుక్క అందులో వేసి, వేళ్ళతో దగ్గరికి లాగి చూశారు. మెత్తగా ఉండ కట్టింది. "దించెయ్యమ్మాయ్, బియ్యప్పిండి పొయ్యాలి" అన్నారు. కోడలు థర్మామీటర్ వంక చూసింది. 110. "ఇంకా నాలుగు డిగ్రీలుంది అత్తయ్యా, ఆగండి" అంది. నీళ్ళు మూడు డిగ్రీలు ముందే మరిగే ఊళ్ళో పాకం కూడా మూడు డిగ్రీలు ముందే ముదురుతుంది. కేకు కూలినప్పుడు ఎత్తును తలుచుకునే మనిషికి ఈసారి అది ఎందుకో గుర్తురాలేదు. పళ్ళెంలో నీళ్ళకి మాత్రం తెనాలైనా బెంగళూరైనా ఒకటే. అత్తగారు ఇంకో మాట అనకుండా హాల్లోకి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు.

అరిసెలు రాళ్ళయ్యాయి. అయితే ఏం, ఆ శనివారం అవే గట్టి బిళ్ళలు "రైస్ జాగరీ క్రంచ్ కుకీ" అనే పేరుతో కొండ కింద క్యాంపుకి వెళ్ళాయి. అందరూ రెసిపీ అడిగారట.

పదార్థం తయారయ్యాక దాన్ని వదిలించుకోవడం వేరే పని. అరకిలో కేకు నలుగురున్న ఇంట్లో చెల్లదు, అందులో ఇద్దరు డైటింగ్‌లో ఉంటారు. అందుకని బాగా వచ్చింది ఆఫీసుకి, ఒక మాదిరిది పక్కింటికి, మాడింది వాచ్‌మన్‌కి. షుగర్ ఉన్నవాళ్ళం అని తప్పించుకుందామంటే కుదరదు. "రాగిపిండితో చేశానండీ, మైదా అస్సలు లేదు" అంటారు. అందులో పడ్డ పావుకిలో పంచదార గురించి ఎవరూ మాట్లాడరు. మధ్యలో కరెంటు పోయిందా, ఇక ఆ రోజు విందు వాచ్‌మన్‌దే. అపార్ట్‌మెంటు జనరేటర్ లిఫ్టును మోస్తుంది, మెట్ల మీద లైట్లు మోస్తుంది, 1,500 వాట్ల ఓవెన్‌ని మాత్రం మోయదు.

సోమవారం బాల్కనీల్లో టెంట్లు ఆరతాయి. మా అసోసియేషన్ నిబంధన ప్రకారం రెయిలింగ్ మీద చీరలు, పంచెలు ఆరెయ్యకూడదు, భవనం అందం చెడుతుంది. నారింజ రంగు టెంటు ఆరేస్తే చెడదు. ఈ తేడా ఏమిటని ఒక పెద్దావిడ గ్రూపులో అడిగారు. జవాబుగా మూడు నమస్కారాల బొమ్మలు వచ్చాయి.

నీళ్ళ విషయంలోనూ క్యాంపింగ్ మేలే చేసింది. 2024 వేసవిలో బోర్లెండి, ట్యాంకర్ల కోసం జనం ఎదురుచూస్తుంటే, తాగేనీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ రోజుల్లో శనివారం వచ్చేసరికి ఊరు వదిలినవాళ్ళంతా ప్రకృతి ప్రేమికులే అనుకుంటే పొరపాటు. తోటలో మోటారు కింద నిలబడి వారానికి సరిపడా స్నానం చేసొచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఇంతకీ అడవి అంటే ఏది? బెంగళూరు పక్కనున్న నంది హిల్స్ మీద టెంటు వెయ్యనివ్వరు. స్కందగిరి ఎక్కాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి. కాబట్టి చాలామంది వానప్రస్థం జరిగేది చిక్కబళ్ళాపుర పక్క ఎవరిదో మామిడితోటలో. అక్కడి రైతులు చాలావరకు మన భాషే మాట్లాడతారు, కొంచెం కన్నడం కలుపుకుని. ఒక తోట యజమాని లెక్క తేల్చి చెప్పాడు: "రాగులేస్తే వాన రాదు సామీ, టమోటా ఏస్తే రేటు రాదు. ఈ గుడారాలకి రెండూ అక్కర్లా. ఇదే తోటలో నేను కాపలాకి పండుకొంటే ఇంట్లో తిడతారు, మీరు దుడ్లిచ్చి పండుకొంటారు." ఇంత సూటిగా మాట్లాడే ఆర్థికవేత్తను నేను చూడలేదు.

కాస్త స్థోమత ఉన్నవాళ్ళు గండికోట దాకా పోతారు. బాగేపల్లి దాటి, కదిరి, పులివెందుల మీదుగా జమ్మలమడుగు చేరితే అక్కడికి పదిహేను కిలోమీటర్లు. పెన్న కొండల్ని నిలువునా కోసుకుంటూ పారే ఆ లోయ అంచున టెంటు వేసుకుంటే వచ్చే ఆనందం గురించి మా ఆఫీసులో ఒక కుర్రాడు గంటలకొద్దీ చెప్పగలడు. అతనిది జమ్మలమడుగే. జేజి ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఆరుబయట నులకమంచం, వేపచెట్టు, చల్లగాలి అన్నీ ఉచితం. కానీ అది సెలవుకి ఊరెళ్ళడం అవుతుంది, క్యాంపింగ్ కాదు. అందుకని జేజికి చెప్పకుండా గండికోటలో టెంటు తీసుకున్నాడు. టెంట్లు అద్దెకిచ్చినతను వాళ్ళ వీధివాడు. ఇంక దాగుతుందా?

ఆదివారం పొద్దున్నే జేజి ఆటోలో దిగింది, క్యారియర్ నిండా ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో. "ఇంట్లో మంచం ఇరిగిపోయిందా నాయనా, నేలమింద పండుకుంటివి?" అని మాత్రం అడిగింది. కుర్రాడు తడబడి, తాను చేసి తెచ్చిన తిరమిసు అనే ఇటలీ తీపి వంటకం సీసా తీసి స్పూనుతో సహా ఆమె చేతికిచ్చాడు. రెండు రోజులు కష్టపడి చేసింది. జేజి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "జరమొచ్చిందేమిరా? కాఫీలో రొట్టె నానబెట్టుకొచ్చినావు!"

ఈ జీవనవిధానంలో ధర్మం లేదనేవాళ్ళ కోసం ఒక్క ఉదాహరణ చెప్పి ఊరుకుంటాను. వానప్రస్థం శనివారం పడుతుంది. శనివారం వేంకటేశ్వరస్వామిది, చాలా ఇళ్ళలో నీచు ముట్టరు. అందుకే తెలుగు క్యాంపుల్లో శనివారం రాత్రి పనీరు, మొక్కజొన్న కంకులు మాత్రమే కాలతాయి, కోళ్ళు ఆదివారం దాకా బతుకుతాయి. మొన్న మామిడితోటలో మా ఎదురింటావిడ మార్ష్‌మెల్లోలు, అంటే మంట మీద కాల్చుకు తినే మెత్తటి మిఠాయి బిళ్ళలు, తెచ్చారు. కొన్నవి కావు, సొంతంగా చేసినవి. పుల్లలకి గుచ్చి అందరూ మంట మీద పెట్టబోతుంటే ఎవరో అభిమానంగా, ఇంత మెత్తగా ఎలా వచ్చాయని అడిగారు. ఆవిడ పాకం పట్టడం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. వేడి పాకంలో నానబెట్టిన జెలటిన్ వేసి, బీటర్‌తో పదిహేను నిమిషాలు ఆపకుండా గిలక్కొట్టాలట.

"జెలటిన్ అంటే ఏంటండీ?" అన్నాడు ఒకాయన. పక్కనున్న అబ్బాయి ఫోన్‌లో చూసి చదివాడు. పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసేది. పుల్లలన్నీ ఒక్కసారి మంట మీద నుంచి వెనక్కొచ్చాయి. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ వాడొచ్చు కదా అని ఒకరు అంటే, అందులో ఈ మెత్తదనం రాదని ఆవిడ నొచ్చుకున్నారు.

కాసేపటికి ఒకాయన ఫోన్ ఎత్తి చూపించాడు. "పన్నెండు దాటింది. ఆదివారం వచ్చేసింది. కాల్చండి."

"వారం మారేది సూర్యోదయానికండీ, పంచాంగం చూడండి. స్వామివారు మీ ఫోన్ చూసుకుంటారా?" అంది ఇంకొకావిడ.

బృందం రెండుగా చీలింది. ఫోన్ పక్షం కాల్చుకు తిని టెంట్లలోకి దూరి గురకపెట్టింది. పంచాంగ పక్షం నలుగురూ రగ్గులు కప్పుకుని, పుల్లలు చేత్తో పట్టుకుని, తూర్పుకి తిరిగి కూర్చున్నారు. సూర్యోదయం చూడటానికే బెంగళూరు నుంచి వచ్చామని చెప్పుకున్న అంతమందిలో దాన్ని చూసింది వాళ్ళే. కొండ మీద ఎర్రటి అంచు కనబడగానే నలుగురూ "ఆదివారం!" అని ఒక్క కేక వేసి బొగ్గుల మీదికి వంగారు.