బిరుదు పైన, పేరు కింద, రీఫిల్ బయట

నల్గొండలోగానీ పాలమూరులోగానీ ఈమధ్య సన్మానం పొందిన పెద్దమనుషుల్ని గుర్తుపట్టడం చాలా తేలికైంది. ఇదివరకు శాలువా చూసి పోల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు చొక్కా జేబు అడుగున రూపాయి బిళ్లంత నీలిమచ్చ ఉంటే చాలు. మచ్చ ఎంత పెద్దదైతే అంత పెద్ద సభ జరిగినట్టు లెక్క.

ఆ మచ్చ పెట్టేది 'చేతితో చేసిన చెక్క కలం'. మఖమల్ డబ్బాలో పడుకోబెట్టి, సభలో పైకెత్తి చూపించి, చప్పట్ల మధ్య చేతికిస్తారు. వెనకటికి గాజు ఏనుగులు, ప్లాస్టిక్ చార్మినార్లు ఇచ్చేవాళ్లు. వాటిమీద ఎన్ని జోకులైనా వేసుకోవచ్చు గానీ ఒక్క మాట ఒప్పుకోవాలి: ఏనుగు ఎవరి చొక్కా పాడుచేయలేదు.

బాల్ పెన్ను పుట్టిందే మరకల బాధ పడలేక. హంగరీ పత్రికా రచయిత లాస్లో బిరో త్వరగా ఆరే సిరా, చిన్న గుండు కలిపి 1938లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పడ్డ కష్టాన్ని మన సన్మాన కమిటీలు ఒక్క సుత్తి దెబ్బతో వెనక్కి తిప్పాయి.

సుత్తి అన్నది మాటవరసకు కాదు. ఈ పెన్ను కిట్టులో వస్తుంది. ప్లాస్టిక్ కవరు విప్పితే ఏడు మిల్లీమీటర్ల లావు ఇత్తడి గొట్టాలు రెండు, కొన, రీఫిల్‌ను బయటికీ లోపలికీ నడిపే తిప్పుడు మెకానిజం, నడుం పట్టీ, క్లిప్పు, తల మీది టోపీ, ఒక రీఫిల్. ఇవన్నీ ఫ్యాక్టరీ సరుకే. మనం చేసేదల్లా ఆ రెండు గొట్టాలకు కట్టె తొడగడం. తొడిగి, కట్టెను గిరగిరా తిప్పే లేత్ యంత్రం మీద చెక్కి, నునుపు చేసి, భాగాల్ని ఒకదాంట్లో ఒకటి నొక్కి బిగిస్తే పెన్ను తయారు. బిగించేటప్పుడు కింది గొట్టానికి ఒక చివర కొన, రెండో చివర మెకానిజం ఎక్కాలి. మెకానిజాన్ని కొద్దికొద్దిగా నొక్కాలి. దాని మీద గీత లాంటి గాడి ఉంటుంది, అక్కడికి రాకముందే ఆగాలి. రీఫిల్ మర తిప్పి బిగించి, మెకానిజం తిప్పి చూసి, మొన చాలినంత బయటికి రాకపోతే ఇంకో అర మిల్లీమీటరు నొక్కాలి. మళ్లీ చూడాలి. దీనికి బల్లకు బిగించే పట్టు, అదే బెంచ్ వైజ్, దవడలకు రెండు చెక్కముక్కలు అడ్డం పెట్టుకుంటే సరిపోతుంది.

సభ సాయంత్రం ఆరింటికి, పెన్నులు యాభై, టైము నాలుగు అయిందనుకోండి. అప్పుడు సుత్తి వస్తుంది. ఒక్క దెబ్బకు మెకానిజం గొట్టంలోకి రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ దిగుతుంది. ఇక రీఫిల్ లోపలికి పోదు. ఎటు తిప్పినా మొన బయటే. కొన వైపు నుంచి సన్నటి కడ్డీ పెట్టి తడితే మెకానిజం వెనక్కి రావచ్చు, కట్టె చీలిపోనూ వచ్చు. కాబట్టి ఎవరూ తట్టరు. డబ్బా మూత వేస్తారు.

ఇక 'చేతితో చేసిన' అనే విశేషణం సంగతి. బుష్ అనే చిన్న ఉక్కు కడియం దాకా కట్టెను చెక్కాలి. దాని లావు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. లోపలి గొట్టం ఏడు. లెక్క మీరే వేసుకోండి. కొన దగ్గర కట్టె మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వక్తలు మైకులో 'మన నేల, మన చెట్టు, మన వారసత్వం' అనేది ఆ ముప్పాతిక మిల్లీమీటరు గురించే. రాజమండ్రిలో రత్నం వారి పెన్నులు ఎబోనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ మీద చెక్కి, మూత మరలు కూడా అక్కడే కోసి చేసినవి. దాన్ని చేతిపని అంటే కాదనేవాడు లేడు. పోచంపల్లి నేతగాడు నూలు పోగులకు ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, మగ్గం మీద డిజైన్ తప్పకుండా కలిపితే అదీ చేతిపనే. కిట్టు విప్పడం కూడా చేత్తోనే చేస్తారు గదా అని ఒక కమిటీ సభ్యుడు అడగవచ్చు. అడగనివ్వండి.

వారసత్వం అన్నాం గనక పాలమూరు పెన్నుల గొప్ప చెప్పాలి. అవి 'పిల్లలమర్రి కట్టెతో' చేసినవట. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాల్లా వేలాడదీసి బొట్టుబొట్టుగా మందెక్కించి బతికించుకున్నారు. అంత చేసింది దాన్ని పెన్నులకు కోసుకోవడానికి కాదు. అడిగితే 'రాలిన కొమ్మ సారూ' అంటారు. ఇప్పటిదాకా పంచిన పెన్నులన్నీ రాలిన కొమ్మలవే అయితే అక్కడ చెట్టు ఉండకూడదు. అసలు మర్రి కట్టె తేలిక, పాలిపోయిన రంగు, ముతక. పెన్నేమో బంగారు గోధుమ రంగులో నల్లచారలతో మెరుస్తుంది. అది సామిల్లులో మిగిలిన టేకు ముక్క. టేకుకు వచ్చిన అవమానమేమీ లేదు, కాకపోతే దానికి నూనె గుణం. గొట్టం అంటించే ముందు రంధ్రాన్ని ఎసిటోన్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. ఊరూరా చింత, తుమ్మ ఉండగా టేకుకు మర్రి వేషం వేయడం దేనికి? నల్లతుమ్మ చేవ గట్టిగా, ముదురు రంగుతో నిగనిగలాడుతుంది. 'తుమ్మ పెన్ను' అని మైకులో చెప్తే చప్పట్లు రావని భయం.

సరే, రాయని పెన్ను చేయడం కూడా ఒక విద్యే గనక ఆ విద్య వివరాలు ఔత్సాహికుల కోసం రాస్తున్నాం. కట్టె పచ్చిదై ఉండాలి. ఎండినకొద్దీ కట్టె కుంచించుకుపోతుంది, ఇత్తడి కుంచించుకోదు. మృగశిరలో ఇచ్చిన పెన్ను మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి పొడుగునా నోరు తెరుస్తుంది. ఏడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టును ఒకే ఊపులో తోయాలి, పొట్టు తీయడానికి మధ్యమధ్య వెనక్కి లాగకూడదు. అలా ఒకే ఊపులో తోస్తే పొట్టు ఇరుక్కుని కట్టె కాలుతుంది, పగులుతుంది, అవతలి వైపు పెచ్చు ఊడుతుంది. బాగు చేయాలనే దురుద్దేశం ఉన్నవాళ్లు మాత్రం ముక్కను కాస్త పొడుగ్గా ఉంచి, చివరిదాకా తొలవకుండా ఆపి, ఆ మిగులును రంపంతో కోసేస్తారు. గొట్టాన్ని సాండ్ పేపర్‌తో గరుకు చేయకండి. ఐదు నిమిషాల ఎపాక్సీ జిగురు వాడితే గొట్టాన్ని తిప్పుతూ నెమ్మదిగా తోసే వ్యవధి దొరుకుతుంది, అందుకని సూపర్ గ్లూ వాడండి. సగం దూరంలో గొట్టం బిగుసుకుపోతుంది, ఇక దేవుడు దిగివచ్చినా కదలదు. జిగురు అందని చోట బోలు ఉంటుంది, ఉలి అక్కడికి వచ్చేసరికి కట్టె ఎగిరిపోతుంది. చివరలు సమం చేసే ట్రిమ్మర్‌ను ఇత్తడి తళుక్కుమన్నా ఆపకండి.

లేత్‌లో కట్టెముక్కల్ని గుచ్చి తిప్పే కడ్డీ మాండ్రెల్. దాని నట్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రెండు ముక్కలూ మూడు బుష్‌లూ గుచ్చిన ఆ కడ్డీ పెన్సిలంత కూడా లావుండదు. నట్టును వేళ్లతో బిగిస్తే చాలు. పానా పట్టి బిగిస్తే, లేదా లేత్ అవతలి చివర కడ్డీని ఆనించే టెయిల్ స్టాక్‌తో గట్టిగా తోస్తే, కడ్డీ విల్లులా వంగుతుంది. వంగిన కడ్డీ మీద చెక్కింది గుండ్రంగా రాదు. ఒకవైపు కట్టె పట్టీతో సమంగా, ఇంకోవైపు మెట్టులా ఉంటుంది. వేలితో తడిమితే గోరు తగులుతుంది. దీన్ని సభలో 'చేతిపనిలో ఉండే సహజమైన హెచ్చుతగ్గులు' అంటారు.

ఇంతవరకు చెడింది పెన్నే గనక ఏదో ఒకటి అనుకుని నవ్వుకోవచ్చు. ఈ పెన్నుల తయారీ నేర్పే శిక్షణ ప్రారంభోత్సవం అలా కాదు.

వేదిక మీద లేత్ పెడతారు. కింద రెడ్ కార్పెట్. లేత్‌కు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. ఎవరూ బెంచీకి బిగించరు, కార్పెట్ మీద టేబుల్, టేబుల్ మీద లేత్, దాని మీద బంతిపూల తోరణం. ముఖ్య అతిథి వస్తారు. ముందు దండ వేస్తారు. తర్వాత పట్టు శాలువా. తర్వాత ఇంకో సంఘం వాళ్లు ఇంకో శాలువా. మణికట్టుకు ఎర్రదారం, వేళ్లకు నాలుగు ఉంగరాలు. అప్పుడు యాంకర్ గొంతు సవరించుకుని, "పెద్దలు తమ అమృత హస్తాలతో తొలి కలాన్ని చెక్కాలని ప్రార్థిస్తున్నాం" అంటాడు.

మాండ్రెల్ నిమిషానికి రెండున్నర వేల చుట్లు తిరుగుతోంది. దండ చివరి పూలు దానికి జానెడు దూరంలో ఊగుతున్నాయి.

స్విచ్ దగ్గర ఒక పిలగాడు ఉంటాడు. ఐటీఐలో లేత్ పని నేర్పే టర్నర్ ట్రేడ్. "సారూ, జర దండ తీయుండ్రి" అంటాడు. "ఏయ్, ఫోటోల దండ లేకుంటే ఎట్లరా?" అని వెనకనుంచి ఒకాయన కసురుతాడు. అతిథి ఉలి పట్టుకుంటారు, రాతి శంకుస్థాపనకు తాపీ పట్టుకున్నట్టు. ఉలి ముందు దాన్ని ఆనించే పట్టీ, అంటే టూల్ రెస్టు మీద ఆనాలి, తర్వాత దాని వాలు కట్టెను తాకాలి, ఆ తర్వాత పిడి కొద్దిగా లేపితే అంచు కోస్తుంది. ఈయన రెస్టు సంగతి వదిలేసి గాల్లోనుంచే పొడుస్తారు. "సారూ, ఇటు చూడుండ్రి!" ఫోటోగ్రాఫర్. సార్ ఇటు చూస్తారు. చేయి అటే ఉంటుంది. టప్పుమంటుంది. కట్టెముక్క విలేకరుల వరుసలోకి ఎగురుతుంది. ఇత్తడి గొట్టం ఒంటరిగా మెరుస్తూ తిరుగుతుంది. యాంకర్ ఒక్క క్షణం తడబడి, "అతిథి గారి శక్తికి కలమే తట్టుకోలేకపోయింది" అంటాడు. చప్పట్లు. ఆ గోలంతటిలో పిలగాడు ఎర్ర బటన్ మీంచి చేయి తీయడు, కళ్లు దండ మీంచి తీయడు. సభ మొత్తంలో పని చేస్తున్నది అతనొక్కడే.

ఆ దండ దారం మాండ్రెల్‌కు చుట్టుకుంటే ఏమవుతుందో కమిటీలో ఒక్కరికైనా తెలుసా? మోటారు ఆగి అడగదు. మెడ లాగుతుంది. ఐటీఐలో లేత్ ముట్టకముందే చెప్పే మొదటి పాఠం ఇది: చొక్కా చేతులు మడవాలి, ఉంగరాలు తీయాలి, వదులు బట్ట ఉండకూడదు, ముక్కను బిగించే చక్ తాళం చక్‌లో వదలకూడదు. రెండేళ్లు ఆ పాఠం చదువుకున్న పిల్లవాడిని నోరు మూయించి, ఒక్క ఫోటో కోసం ఒక మనిషిని ఉరితాడు మెడలో వేసి తిరిగే కడ్డీ ముందు నిలబెడుతున్నారు. ఆయనకేమీ కాదు లెండి, రెండు నిమిషాల్లో కారెక్కుతారు. మర్నాటి శిక్షణ ఫోటో చూడండి. చున్నీలు వేసుకున్న ఆడపిల్లలు, చేతులకు తెల్ల గ్లౌజులు. గ్లౌజులెవరిచ్చారు? 'సేఫ్టీ' అని కమిటీవాళ్లే ఇచ్చారు. తిరుగుతున్న లేత్ దగ్గర గ్లౌజు వేలిని కాపాడదు, కట్టెకు దొరికితే వేలును చేతితో సహా లోపలికి లాగుతుంది. మూతికి మాస్కు మాత్రం లేదు, అది వేస్తే ఫోటోలో ముఖాలు పడవు. చింత, తుమ్మ దుమ్ము రోజంతా ఊపిరితిత్తుల్లోకి, సూపర్ గ్లూ పొగ కళ్లల్లోకి. వేలు పోయిన పిల్లకు ఏ శాలువా కప్పుతారు?

మూడు రోజుల తర్వాత సర్టిఫికెట్ ఇచ్చి 'కలం శిల్పులు' అన్నారు. లేత్‌కు తాళం పడింది. కిట్లు అయిపోయాయి, మళ్లీ తెప్పించే బడ్జెట్ లేదు. ముంబై బస్సు టికెట్ చేతిలో ఉన్న పాలమూరు పిలగాడిని ఆపి 'పెన్నులు చెక్కుకుని బతుకు' అని చెప్పినవాళ్లు, ఆ పెన్ను ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో, ఒక్కో పెన్నుకు వాడికెంత మిగులుతుందో ఒక్క కాగితం మీదైనా లెక్క వేశారా? వేద్దామనుకున్నా ఆ పెన్ను రాయదు.

రాసినా ఎన్నాళ్లు? లోపలి రీఫిల్ క్రాస్ కంపెనీ పెన్నుల రకం, చివర మరతో బిగుసుకునేది. గడియారం సెంటర్ చుట్టూ ఉన్న షాపుల్లో అడిగితే దొరికేది మన బడి పెన్నుల రీఫిల్. అది దీంట్లో పట్టదు. పైగా దీన్ని మార్చాలంటే పై సగం లాగి విడదీయాలని డబ్బాలో ఎక్కడా రాసి ఉండదు. విరిగిందనుకుని గ్రహీత అతికిస్తాడు, అదే సూపర్ గ్లూతో.

వచ్చే సీజన్‌కు కమిటీలు ఇంకో మెట్టెక్కాయి. పెన్ను మీద లేజర్‌తో పేరు చెక్కిస్తున్నారు. ఒక్కో గొట్టం పొడవు యాభై మూడు మిల్లీమీటర్లు. మన జిల్లాల్లో బిరుదులు అంతలో పట్టవు గనక బిరుదులు పై సగం మీద, పేరు కింది సగం మీద, రెండూ ఒకే వరుసలో చక్కగా వస్తాయి. అయితే ఇది తిప్పే పెన్ను. మొన బయటికి రావాలంటే పై సగం అర చుట్టు తిరగాలి. తిరిగితే బిరుదంతా వీపు వైపుకు పోతుంది, ముందు ఉత్త పేరు మిగులుతుంది. ఈ సంగతి ఒక విశ్రాంత అధికారి గమనించి అభ్యంతరం చెప్పారట. కమిటీ అత్యవసరంగా సమావేశమై, తిప్పినా తిప్పకపోయినా మొన ఎలాగూ బయటే ఉంటుంది గనక తిప్పాల్సిన అవసరమే లేదని తీర్మానించింది.