బుల్లెట్లే సైజు తగ్గించుకోవాలి

2014లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పొరలు పొరలుగా పేర్చిన గ్రాఫీన్‌ని (ఒక్క పరమాణువు మందముండే కార్బన్ రేకు) బుల్లెట్‌తో కొట్టి చూస్తే, బరువు లెక్కన అది ఉక్కు కంటే సుమారు పది రెట్లు ఎక్కువ శక్తిని పీల్చుకుంది. అంతే, చొక్కా మందంలో కవచం వచ్చేస్తోందని జనం ఫిక్సయిపోయారు. ఇన్నేళ్లయినా రాకపోయేసరికి శాస్త్రవేత్తల్ని ఆడిపోసుకుంటున్నారు గానీ, నన్నడిగితే తప్పంతా బుల్లెట్లదే.

ఆ ప్రయోగంలో వాడిన బుల్లెట్ ఒక సిలికా పూస, అడ్డంగా 3.7 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). గ్రాఫీన్ మందం 100 నానోమీటర్లు, అంటే మైక్రాన్‌లో పదో వంతు, దాటదు. సన్నటి బంగారు పొరని లేజర్‌తో ఒక్కసారిగా ఆవిరి చేస్తే, ఆ తోపుకి పూస సెకనుకు 600 మీటర్ల వేగంతో వెళ్లి తగులుతుంది. బంగారం ముట్టనిదే కదలని బుల్లెట్, ఎంత గౌరవంగా ఉంది చూడండి! పక్కనే మామూలు 9 మిల్లీమీటర్ల మొరటు బుల్లెట్‌ని పెట్టండి: అడ్డంగా చూస్తేనే 2,400 రెట్లు, పరిమాణంలో వెయ్యి కోట్ల రెట్లకు పైనే. ఇంత ఒళ్లు పెంచుకుని వచ్చి, ఆపలేదేమని మెటీరియల్‌ని నిలదీయడం ఏం న్యాయం?

పెద్ద షీటు చేయొచ్చుగా అంటారు. చిన్న ముక్కలో లోపాలు దాదాపు ఉండవు, అందుకే ఆ బలం. షీటు పెద్దదయ్యేకొద్దీ ముడతలు, అతుకులు, ఖాళీలు వచ్చి చేరతాయి, పగులు అక్కడే మొదలవుతుంది. అయినా సైన్స్ ఆగలేదు. 2021లో ఎంఐటీ, కాల్‌టెక్, ఈటీహెచ్ జ్యూరిక్ యూనివర్సిటీల వాళ్లు నానో సైజు కార్బన్ పుల్లలతో జాలీలాంటిది కట్టి 14 మైక్రాన్ల పూసల్ని ఆపారు, బరువు లెక్కన, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ నారని మించిందన్నారు. ఏడేళ్లలో 3.7 నుంచి 14కి! ఇదే ఊపులో వెళితే 9 మిల్లీమీటర్లకి చేరడానికి ఆరువేల ఏళ్ల పైచిలుకు చాలు.

ఈలోగా హెల్మెట్ లోపలి థర్మోకోల్‌ని చూస్తే జాలేస్తుంది. తలకి దెబ్బ తగిలినప్పుడు తాను నలిగిపోయి, తల ఆగడానికి ఇంకాస్త సమయమిచ్చి, ఆ తర్వాత చెత్తబుట్టలోకి పోతుంది, దాని గురించి ఎవరూ హెడ్డింగ్ పెట్టరు. 1965లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్ కూడా ఇంకా డ్యూటీలోనే ఉంది, పాపం రిటైర్మెంట్ లేదు.

కాబట్టి నా ప్రతిపాదన అంతర్జాతీయ ఒప్పందం. ఏ దేశమూ 14 మైక్రాన్లు దాటిన బుల్లెట్ వాడకూడదు. తనిఖీ బృందానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తప్పనిసరి, ఎందుకంటే కాల్చాక ఎవరికైనా తగిలిందో లేదో చూడ్డానికి కూడా అదే కావాలి.