స్టాండ్‌బై పంపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్టాండ్‌బై పంపు గారికి,

తమరు క్షేమమేనని తలుస్తాను. పని చేస్తే కదా అనారోగ్యం!

పైపులైను వేయడానికి వాగును కొన్నాళ్లు పక్కకు తప్పించే ఈ యజ్ఞంలో, మెయిన్ పంపు ఆగితే అందుకోవాల్సిన తమరి హోదా గొప్పది. డ్రాయింగులో మీరున్నారు, పర్మిషన్ కాగితాల్లో మీరున్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు మిమ్మల్ని చూసి టిక్కు పెట్టుకుని వెళ్తారు. మీరు స్టార్ట్ అవుతారా అని మాత్రం ఎవరూ అడగరు. పెద్దవాళ్లను అలాంటివి అడగకూడదు కాబోలు.

పక్కనున్న మెయిన్ పంపుకు ఆ భోగం లేదు. ఎగువన ఇసుక బస్తాల కట్ట, దిగువన ఇంకో కట్ట, నడుమ ఎండబెట్టిన వాగులో కందకం. ఎగువ నీళ్లు తోడి, గొట్టంలో చుట్టూ తిప్పి దిగువన రాళ్ల మీద మెల్లగా వదలాలి, రాత్రీ పగలూ. వాగుకు ఆదివారాలుండవు. చేపపిల్లలు లోపలికి పోకుండా మూతికి జల్లెడ కట్టారు. దానికి ఆకులూ నాచూ పట్టి పంపు మూలుగుతుంటే, తమరు టార్పాలిన్ కప్పుకుని వింటుంటారు.

సెకనుకు 100 లీటర్లు పారే చిన్న వాగే అనుకుందాం. మెయిన్ పంపు 10 నిమిషాలు ఆగితే కట్ట వెనక చేరేది 60,000 లీటర్లు. అంతసేపూ దిగువన నీళ్లు రావు. ఆ తర్వాత కట్ట పొర్లితే, తవ్విన మట్టితో సహా ఒక్కసారిగా వస్తాయి. చేపల మొప్పల్లో బురద, గుడ్లున్న గులకరాళ్ల మీద ఒండ్రు. పని మొదలయ్యే ముందు మడుగుల్లోని చేపల్ని వలలతో పట్టి అవతల వదిలిన శ్రమంతా బురదపాలు.

అప్పుడు అందరికీ మీరు గుర్తొస్తారు. ఒకడు టార్పాలిన్ లాగుతాడు, ఇంకొకడు సెల్ఫ్ కొడతాడు. మీరు కిక్కురుమనరు. పోనీ, స్టార్టయినా ఏం లాభం? గొట్టం అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు లీకు. గొట్టం బిగించే క్లాంపు స్టోర్‌లో ఉంటుంది, స్టోర్ తాళం ఇంటికెళ్లినవాడి జేబులో ఉంటుంది.

అసలు వాలు బాగున్న చోట ఈ కట్ట నుంచి ఆ కట్టకు, కందకం మీదుగా పెద్ద గొట్టం పరిచి, నీటిని దాని దారిన దాన్ని పోనిస్తే మీ ఇద్దరితోనూ పెద్దగా పని లేదు. దానికి డీజిల్ అక్కర్లేదు, నిద్రా రాదు. కాకపోతే దాని కిందుగా తవ్వి, కింది నుంచే పైపు దూర్చాలి. అది మావాళ్లకు చిరాకు.

ఈరోజు ఎగువన మబ్బు పట్టింది. అందుకని సాయంత్రం మిమ్మల్ని ఓ అరగంట నడిపి చూడాలనుకుంటున్నాం. ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీ బ్యాటరీ ప్రస్తుతం సూపర్‌వైజరు జీపులో ఉంది. వెనక్కి తెప్పించుకోవడానికి మీకూ కాస్త టైం కావాలి కదా.

ఇట్లు,
కట్ట మీద నైట్ డ్యూటీ