గాలివానకే గుర్తొచ్చే పంచాయతీ

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్ తెరుచుకుంటుంది. ఫోన్ నంబర్లు పత్రికలకు అందుతాయి. ఊళ్ళో దండోరా వేయించేది, పూరిళ్ళలోని ముసలీ ముతకను బతిమాలి బడికి చేర్చేది, దారికి అడ్డంగా పడ్డ చెట్టు నరికించేది మాత్రం పంచాయతీ. ఆ పంచాయతీ చేతిలో ఏముంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వద్ద తీరం దాటాక ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతం ఏమైందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. కొబ్బరి, జీడి తోటలు ఒక్క పూటలో నేలకూలాయి. కరెంటు పోతే ట్యాంకుకు నీరెక్కదు. కిడ్నీ జబ్బులతో అల్లాడే చోట తాగునీరు ఆగడమంటే మాటలా! అలాంటప్పుడు ఊరికి కావలసింది అద్దెకో జనరేటరు, నాలుగు కోత మిషన్లు, ఓ డ్రమ్ము డీజిల్, బ్లీచింగ్. వీటికి కూడా పైవాళ్ళ సంతకం కోసం చూడాలా?

విపత్తు నిర్వహణ చట్టం 2005లోనే వచ్చింది. సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, సామగ్రి సిద్ధంగా ఉంచడం, సహాయ పునరావాస పనులు చేయడం స్థానిక సంస్థల విధి అని 41వ సెక్షన్ చెబుతోంది. విధి సరే, డబ్బేది? ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కింది ఈ రాష్ట్రంలోనే. ఖజానా ఊడ్చేసి, తుపాను రాగానే అప్రమత్తంగా ఉండండని సర్క్యులర్ పంపడాన్ని ఏమనాలి?

సర్పంచుల చేతికి డబ్బిస్తే సొంత పార్టీవాళ్ళకే పంచుతారన్న వాదన ఉంది. కొంత నిజమే కావచ్చు. మరి తిత్లీ పరిహారం జాబితాలు రాసిందెవరు? అనర్హుల పేర్లు ఎక్కాయన్న గొడవ అప్పుడూ రేగింది కదా. ఆ జాబితాలను గ్రామసభలో చదివి వినిపిస్తే ఎవరి చెట్లు పడ్డాయో, ఎవరి పడవ విరిగిందో ఊరే తేల్చేది.

పట్టణం సంగతి ఇంకా సిగ్గుచేటు. శ్రీకాకుళం పురపాలకవర్గం గడువు 2010లో తీరింది. 2014లో, 2021లో చాలా పట్టణాలకు ఎన్నికలు జరిగాయి, దీనికి జరగలేదు. హుద్‌హుద్, తిత్లీ, గులాబ్ మూడు తుపాన్లనూ నాగావళి ఒడ్డున ఉన్న ఈ జిల్లా కేంద్రం కౌన్సిలర్లు లేకుండానే ఎదుర్కొంది. వీధిలో మోకాల్లోతు నీళ్ళుంటే జనం ఎవరి తలుపు తట్టాలి? కౌన్సిల్ బదులు పెత్తనం చేసే ప్రత్యేకాధికారి బంగళా తలుపా? ఏ పార్టీ గద్దెనెక్కినా ఇదే తీరు: స్థానిక స్వపరిపాలనపై ఉపన్యాసాలు దంచుతారు, ఎన్నికలు మాత్రం పెట్టరు.

ఆ విపత్తు నిర్వహణ చట్టం ప్రకారమే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టర్ అధ్యక్షుడైతే, స్థానిక సంస్థల ప్రజాప్రతినిధి సహాధ్యక్షుడు. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏ తుపానులో ఏం నిర్ణయించారో ఒక్కటి చెప్పండి. గ్రూప్ ఫొటోలో నిలబడటాన్ని లెక్కలోకి తీసుకోం.