అష్టభోగాలు లేని టీవీ

ముప్పై నాలుగేళ్ళపాటు అనంతపురం సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట బల్ల వేసుకొని, ఒకరి ఆస్తిని మరొకరికి ధారాదత్తం చేస్తూ దస్తావేజులు రాసిన నేను, ఆ కాలమంతా రైతులకు ఒకే మాట చెబుతూ వచ్చాను: "అబ్బీ, చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు." అటువంటి నేను గత వేసవిలో సుభాష్ రోడ్డులోని ఒక దుకాణంలో నలభై మూడంగుళాల స్మార్ట్ టీవీ కొని, దాన్ని హాల్లో గోడకు బిగించిన రోజున, తెర మీద పుట్టలోంచి చీమల్లా వెలువడుతున్న ఇంగ్లీషు షరతులలో ఒక్క ముక్కైనా చదవకుండా, రిమోటు మీద బొటనవేలు ఆనించి "అంగీకరిస్తున్నాను" అన్న గడిని నొక్కేశాను. నొక్కింది ఎడమచేతి బొటనవేలు. మా వృత్తిలో నిశానీకి వాడే వేలు కూడా అదే.

మరునాటి నుంచే టీవీ తన గుణం చూపించింది. తెరవగానే వార్తలకు బదులు ఒక సబ్బు, దాని పక్కన ఒక బంగారు రుణం, కింద మేమెన్నడూ అడగని సినిమాల వరుస కనిపించేవి. రిమోటులో శబ్దం తగ్గించే మీట వెతకడానికి కళ్ళజోడు కావలసి వచ్చేది గాని, నెలవారీ చందా అడిగే నాలుగు కంపెనీల మీటలు మాత్రం చీకట్లో తడిమినా చేతికి తగిలేవి.

మా ఆవిడ మూడు రోజులు ఓర్చుకొని నాలుగో రోజు నిలదీసింది. "గోడ మనది, కరెంటు మనది, టీవీ మనది, మధ్యలో ఈ సబ్బు ఎవరిది? మా ఊర్లో సిమెంటు కంపెనీవాళ్ళు మా నాయన గోడ మీద రాసుకునేదానికి ముందు అడిగినారు, పైగా గోడంతా ఉత్తపుణ్యానికి రంగు వేసి పోయినారు. వీళ్ళు మనల్ని అడగలేదు, మన గోడకు ఏమీ వేయలేదు." ఈ వాదానికి ఇంతవరకు ఏ న్యాయవాదీ నాకు సమాధానం చెప్పలేదు. ఫోనుకైతే 1909 అనే నంబరు ఉంది, దానికి ఫోను చేసి అవాంఛిత ప్రకటనలు వద్దని నమోదు చేసుకోవచ్చు. 140తో మొదలయ్యే నంబరు కనిపిస్తే ఎత్తకుండా వదిలేయవచ్చు. గోడకు బిగించిన టీవీకి ఏ నంబరుందో చెప్పమని ఆమె అడిగింది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఫోను చేశాను.

"నాయనా, నువ్వు ఆ షరతులు చదివినావా?" అన్నాడు వాడు.

ఆ ప్రశ్నలో నా కంఠస్వరమే వినిపించి నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రే వాడిచేత షరతుల ప్రతిని తెప్పించుకొని, పాత అలవాటు కొద్దీ ఎర్రసిరా పెన్ను పట్టుకొని కూర్చున్నాను. నేను రాసిన ప్రతి క్రయ దస్తావేజులోనూ, నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో సహా, దాన వినిమయ విక్రయాలకు యోగ్యంగా, పుత్రపౌత్ర పారంపర్యంగా, ఆచంద్రార్కం అనుభవించవలసిందని కొన్నవాడికి సర్వహక్కులు రాసిస్తాం. ఆస్తి మీద తాకట్టులు, తగాదాలు ఏవీ లేవనీ, ఉన్నట్లు తేలితే సొంత ఖర్చులతో పరిష్కరిస్తాననీ అమ్మినవాడిచేత ఒప్పిస్తాం. ఈ పత్రంలో ఒక్క భోగమూ లేదు. లోపలి సాఫ్ట్‌వేరు అమ్మబడలేదనీ, వాడుకోవడానికి అనుమతి, అంటే లైసెన్సు, మాత్రమే ఇవ్వబడిందనీ, ఆ అనుమతిని ఎప్పుడైనా మార్చవచ్చుననీ, సరుకు ఉన్నది ఉన్నట్టుగానే ఇస్తున్నారు కనుక దేనికీ పూచీ లేదనీ, నేను ఏం చూస్తున్నానో తెలుసుకునే హక్కు మాత్రం వాళ్ళకు ఉన్నదనీ రాసి ఉంది. చెక్కుబందీ కోసం చివరి పేజీ దాకా వెతికాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం ఏవీ లేవు, "ప్రపంచవ్యాప్తంగా" అన్న ఒక్క మాట తప్ప.

లైసెన్సు అన్న మాట నాకు కొత్త కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఒకరి స్థలంలో మరొకరు చేస్తే తప్పయ్యే పనిని చేసుకోనివ్వడమే లైసెన్సు. దానివల్ల ఆ స్థలంలో హక్కేమీ సంక్రమించదు. 60వ సెక్షను ప్రకారం, రెండు మినహాయింపులు తప్ప, ఇచ్చినవాడు దాన్ని రద్దు చేసుకోవచ్చు. ఆ చట్టం స్థిరాస్తులకు సంబంధించినదే గాని, రెండింటి స్వభావమూ ఒకటే. మా ఇంటి వాకిట్లో ఇస్త్రీ బండి పెట్టుకొమ్మని నేనొకతనికి నోటిమాటగా ఇచ్చిన అనుమతి అటువంటిదే. ఈ సంగతి చెబితే అబ్బాయి నవ్వి, "అంతే నాయనా, మన టీవీలో మనమే ఇస్త్రీ బండి" అన్నాడు. అంతటితో ఆగక, 2009లో అమెజాన్ కంపెనీ అమ్మిన రెండు ఎలక్ట్రానిక్ పుస్తకాలను, వాటిని అమ్మకానికి పెట్టినవారికి హక్కు లేదని తేలిన తరువాత, కొన్నవాళ్ళ చేతి పరికరాల్లోంచే వెనక్కి లాగేసుకొని డబ్బు వాపసు ఇచ్చిందనీ, అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ జనం ఏం చూస్తున్నదీ వాళ్ళకు తెలియకుండా సేకరించిందన్న కేసును 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుందనీ చెప్పి, సెట్టింగుల్లోకి వెళ్ళి మా టీవీలో ఆ నిఘాను ఆపమన్నాడు. ఆపుతానన్నాను. ఆపలేదు. ఆ సెట్టింగు దగ్గరకు చేరేలోపల సబ్బు, బంగారు రుణం రెండుసార్లు అడ్డం వచ్చాయి.

ఇంతలో అమ్మాయికి ధర్మవరం సంబంధం కుదిరింది. రెండేళ్ళుగా మా ఆవిడ రాత్రిళ్ళు ఫోను ముందు పెట్టుకొని వరుల కోసం చేసిన వెతుకులాట అంతటితో ముగిసిందని మేమందరం అనుకున్నాం.

నిశ్చితార్థానికి పిల్లలిద్దరి ఫోటోలనూ బారసాల నాటి నుంచి ఉద్యోగం దాకా వరుసగా పేర్చి, నాదస్వరం జోడించి, టీవీలో చూపించాలని మా బామ్మర్ది పట్టుబట్టాడు. అతనికి క్లాక్ టవర్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ప్రపంచంలో తాళం లేని సాఫ్ట్‌వేరు ఉండదనీ, తన దగ్గర లేని తాళంచెవి ఉండదనీ అతని నమ్మకం.

"వీడియో చేసే సాఫ్ట్‌వేరు కొనేదేంది బావా? నా దగ్గర క్రాక్ చేసింది ఉండాది, రెండు నిమిషాల పని" అన్నాడు.

అప్పుడు నాలోని దస్తావేజు లేఖరి నిద్రలేచాడు. మన కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల కిందనే లెక్కగట్టిందనీ, దొంగప్రతి అని తెలిసీ కంప్యూటరులో వాడితే 63బి సెక్షను కింద తక్కువలో తక్కువ 7 రోజుల జైలు, 50 వేల రూపాయల జరిమానా ఉన్నాయనీ, నా కూతురి నిశ్చితార్థం అక్రమ ప్రతితో జరగడానికి వీల్లేదనీ ప్రకటించాను. సాహిత్యమంటే నవలలూ పద్యాలూ కదా, అందులో ఒక్క పద్యమైనా ఉందా అని అతను అడిగాడు. అక్కడి నుంచి వాదం పెరిగింది. మా కార్యాలయం ఎదుట డి.టి.పి. సెంటర్లో ఇప్పటికీ పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరే నడుస్తున్నదనీ, 2001లో 7.0 వచ్చిన తరువాత దానికి కొత్త వెర్షనే రాలేదనీ, అటువంటి దానికి అద్దె ఎవరికి కట్టాలనీ బామ్మర్ది. పాతబడినంత మాత్రాన పట్టా మారదని నేను. అబ్బాయి ఫోనులోంచే వీడియోలు కూర్చే కెడెన్‌లైవ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడమనీ, రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో మొదలుపెట్టిన గ్నూ ఉద్యమం నుంచి ఇటువంటివి ఎన్నో పుట్టాయనీ, వాటిని వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చుననీ చెప్పాడు. ఫ్రీ అంటే ఇంగ్లీషువాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టుకొని తికమక పడతారు గాని, మనకు ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఈ ఒక్కదానికే అష్టభోగాలలో సగమైనా ఉన్నట్లు నాకు తోచింది. కాని బామ్మర్ది దాన్ని నేర్చుకోవడానికి ఒక్క రాత్రి చాలదన్నాడు. తెల్లవారితే నిశ్చితార్థం.

చివరికి పంచాయితీ తీర్పుగా, ఒక పేరున్న కంపెనీ వాళ్ళు 7 రోజులపాటు ఊరికే వాడుకోమని ఇచ్చే ట్రయల్ వెర్షన్‌తో పని కానివ్వాలని నిర్ణయించాను. చట్టమూ చెడదు, డబ్బూ ఖర్చు కాదు. అర్ధరాత్రి రెండు గంటలకు పని ముగించి, వీడియోను నెట్లోకి ఎక్కించి, ఒకసారి చూసుకోకుండానే అతను పడుకున్నాడు. తయారుచేసేటప్పుడు అంతా శుభ్రంగానే కనిపించిందట.

మర్నాడు పదకొండు గంటలకు ధర్మవరం వాళ్ళు నలభై మంది వచ్చారు. ఓళిగలు, చిత్రాన్నం, అలసంద వడలు పూర్తయ్యి, తాంబూలాలకు ముందు అందరూ హాల్లో సర్దుకున్నారు. పెళ్ళికొడుకు అవ్వను టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాం. బామ్మర్ది మీట నొక్కాడు. నాదస్వరం మోగింది. తెర మీద మా అమ్మాయి ఉయ్యాలలో కనిపించింది. దాని మీద, ఈ మూల నుంచి ఆ మూలకు, కలెక్టరాఫీసు ముద్ర అంతటి అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఫోటో మారింది; అక్షరాలు మారలేదు. అమ్మాయి బడికి వెళ్ళింది, పదో తరగతి పాసయ్యింది, ఇంజనీరింగు పట్టా పుచ్చుకుంది. అక్షరాలు మాత్రం జంధ్యంలా ఎడమ భుజం మీంచి కదలలేదు. ఆ తరువాత పెళ్ళికొడుకు వచ్చాడు, అతనికీ అదే. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో వచ్చేసరికి ఆ అక్షరాలు దండలాగా ఇద్దరినీ కలిపి చుట్టుకున్నాయి.

"ఏమి రాసినార్రా అది?" అని అవ్వ అడిగింది.

ఇంగ్లీషు మీడియంలో మూడో తరగతి చదువుతున్న ఆమె మునిమనవడు లేచి నిలబడి, బళ్ళో ప్రార్థన చదివినంత స్పష్టంగా, "సెవెన్ డే ట్రయల్ వెర్షన్ అవ్వా. అంటే ఏడు దినాలు వాడి చూసేది. బాగుంటే కొనేది, లేకుంటే వాపసు" అని తాత్పర్యంతో సహా వినిపించాడు.

హాల్లో ఫ్యాను తిరిగే శబ్దం తప్ప మరేదీ వినిపించలేదు. నేను రాసిన వేలాది దస్తావేజుల్లో ఇటువంటి షరతు ఒక్కటీ లేదు. వియ్యంకుడు నా వైపు చూశాడు. నేను బామ్మర్ది వైపు చూశాను. బామ్మర్ది, క్రాక్ చేసిన ప్రతి వాడి ఉంటే ఈ గతి పట్టేదా అన్నట్టు నా వైపే చూశాడు. ఆ చూపుకు ఏ సెక్షనూ వర్తించదు.

సరిగ్గా అప్పుడే వీడియో ఆగి, తెర మీద పట్టుచీర కట్టిన ఒక యువతి ప్రత్యక్షమై, "మీ అమ్మాయికి తగిన వరుడు ఇంకా దొరకలేదా? ఈరోజే మా దగ్గర నమోదు చేసుకోండి" అంది, తెలుగులోనే, చక్కటి ఉచ్చారణతో. టీవీలో ఉన్నది మా ఆవిడ ఖాతా. రెండేళ్ళ వెతుకులాట మేము మరిచిపోయినా అది మరిచిపోలేదు. ఐదు సెకన్ల తరువాత దాటవేయవచ్చని తెర మీద అంకెలు దిగుతున్నాయి. ఆ ఐదు సెకన్లలో నేను వెనకటి జన్మల గురించి కూడా ఆలోచించాను. రిమోటు కోసం ముగ్గురం ఒక్కసారిగా ఎగబడితే, చేతికి తగిలింది ఆ చందా కంపెనీల మీట; టీవీ ఇప్పుడు నెలకు ఎంత కట్టగలరో చెప్పమంది.

"ఆపండప్పా" అంది అవ్వ. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, నన్నే అడిగింది: "ఏడు దినాలది ఊరికే ఇచ్చినారు, సరే. నూరేండ్లదానికి ఎంత అడుగుతాండారు?"

ముందుగా నవ్వింది వియ్యంకుడే. ఆ తరువాత ఎవరు ఎవరిని చూసి నవ్వారో చెప్పలేను. తాంబూలాలు మార్చుకున్నాం. ఈసారి కంప్యూటరు జోలికి పోకుండా లగ్నపత్రికను నా చేత్తోనే రాయమన్నారు. అలవాటు పొరపాటున "పుత్రపౌత్ర పారంపర్యంగా" అని రాసి, కొట్టివేయబోతుంటే, ఉండనీ బావా అని వియ్యంకుడే పెన్ను పట్టుకున్నాడు.

అమెరికాలో ఉన్న వాళ్ళ చుట్టాలకు ఆ అక్షరాలు లేని వీడియో పంపాలి గదా. అందుకని ఒక నెలకు 799 రూపాయలు కట్టి లైసెన్సు తీసుకున్నాను. ఒక నెలకే అనుకున్నాను. ఈసారి కూడా షరతులు పూర్తిగా చదవలేదు. పెళ్ళి కార్తీకంలో జరిగింది, అమ్మాయి ధర్మవరం వెళ్ళిపోయింది. సాఫ్ట్‌వేరు మాత్రం ఇల్లరికపు అల్లుడిలా మా ఇంట్లోనే ఉండి నెలనెలా 799 రూపాయలు తింటున్నది. డబ్బు కోతకు 24 గంటల ముందు తెలియజేయాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ప్రతి నెలా ముందురోజే సందేశం పంపి మరీ తింటున్నది.

మొన్న ఆ సందేశం రాగానే దాన్ని రద్దు చేద్దామని కళ్ళజోడు పెట్టుకొని కూర్చున్నాను. టీవీ నడుస్తున్నది. ఎప్పటిలాగే మధ్యలో ప్రకటన వచ్చింది. సబ్బు కాదు, బంగారు రుణం కాదు, టేకు కర్రతో చేసిన ఉయ్యాల. దాటవేయడానికి నేను రిమోటు ఎత్తితే మా ఆవిడ నా చేయి పట్టుకొని ఆపి, చివరిదాకా చూసి, "ఆ వీడియోదాన్ని కూడా రద్దు చేయొద్దండీ, ఇంకొన్ని నెలలు ఉండనీండి" అంది.